మోగని కడియం

రోగిని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోమని నర్సుల చేతి కడియాలు మోగుతాయి. లక్షల మంది రోగుల వివరాలు చదివిన యంత్రం, ఏ మంచం దగ్గర ఏ పని వల్ల మేలో చూసి మోగిస్తుంది. మేలు లేని పనికి మోగించదు. అవి వచ్చాక వార్డులో చీము పట్టిన పుండన్నది లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఈ ఉదయం నర్సు ఎస్తేరు పైడిరాజును పక్కకి తిప్పబోయింది. కడియం మోగలేదు.

"నిన్నటిదాకా ఒకటే గోల, ఇయ్యాల మోగనేదు. మా ఆయనకి నయమైపోనాదా, సిస్టరమ్మా?" అంది అతని భార్య నరసమ్మ, మొహం వెలిగిపోతుంటే.

పైడిరాజు కళ్ళు తెరిచే ఉన్నాడు. ఎస్తేరు మొహమే చూస్తున్నాడు.

ఎస్తేరు వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కొచ్చింది. అతన్ని తిప్పి, వీపుకి పౌడరు రాసి, దిండు సర్దింది.

"కడియం పాడైనట్టుందమ్మా" అంది. తనూ అదే నమ్మాలనుకుంది.

పక్క మంచం మీది ముసలాయన మంచినీళ్ళడిగాడు. ఎస్తేరు ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి చెయ్యి చాచింది.

కడియం గట్టిగా మోగింది.

పైడిరాజు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.