శుక్రవారం పులుసు

"గరిటె పెట్టకు మామా, ముక్క చెదురుతది. గిన్నె పట్టుకొని అట్ల ఊపాలె," అంది తబిత.

ఆదాము మసిగుడ్డతో గిన్నె పట్టుకొని ఊపాడు. పులుసు గుండ్రంగా తిరిగి, మెంతిపొడి వాసన ముక్కుకు తగిలింది. నెల కిందట చేపల వాసనకే ఆయన మంచం ఎత్తుకొని వాకిట్లోకి పోయాడు.

ఆ ఇంట్లో మూడు తరాలుగా చేప ఉడకలేదు. ఆదాము తాత గోదావరి వరదలో కొట్టుకొచ్చిన మనిషంత చేపను ఒక్కడే తిన్నాడట. ముల్లు గొంతులో అడ్డం పడిందట. అప్పటి నుంచి చచ్చేదాకా ఆయన నోరు తెరిస్తే మాటతో పాటు ఈల వచ్చేదనీ, ఆ ఈలకు ఏన్కూరు సంతలో ఎడ్లన్నీ తాళ్లు తెంపుకొని ఆయన వెంట నడిచేవనీ ఆదాము చెబుతాడు. ఎడ్ల సంగతి ఎవరూ నమ్మరు. ముల్లు సంగతి మాత్రం ఆదాము గట్టిగా నమ్మాడు.

భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున పుట్టిన తబిత జోయెల్‌కు భార్యగా, ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆ నమ్మకం కదిలింది. మొదటి వారం ముళ్లు తక్కువని కొరమీను వండింది. ఒక్క ముక్క రుచి చూస్తానన్న ఆదాము ఏడు తిన్నాడు. రెండో వారం బొచ్చె చేప తెచ్చి, ముల్లును నాలుకతో పక్కకు నెట్టడం నేర్పింది. మూడో వారం పొలుసు ఆదామే గీకాడు. పులుసు తెల్లారితే ఇంకా బాగుంటుందని తెలిశాక, శనివారాలు పొద్దున ప్రార్థనకు కళ్లు మూసుకుంటున్నాడే గానీ ముక్కు మాత్రం గిన్నె దగ్గరే ఉంటోంది.

ఇది నాలుగో వారం. ఆ మర్నాడే కోటేష్ నిప్పు రాజేశాడు. కోటేష్‌ది పక్క తండా, గట్టు పక్క చేను. ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయినవాడు.

"అన్నా, మీరు ఆర్‌సీఎంల కలిసిన్రా ఏంది?"

"మేమెందుకు కలుస్తం?"

"మరి శుక్రవారం శుక్రవారం మీ ఇంట్ల చేపల వాసనేంది? ఇల్లందుల నా పక్కింటోళ్లు ఆర్‌సీఎం, రోమన్ కాథలిక్కులు. ఈస్టర్ ముందు నలభై దినాలల్ల శుక్రవారం మాంసం ముట్టరు. చేపలైతే తింటరు."

ఆదాము చేతిలో పార ఆగింది. నాలుగు సార్లు చేపలు. నాలుగూ శుక్రవారాలే. నాలుగూ ఆ నలభై దినాల శ్రమకాలంలోనే.

ఆయన ఊరి ప్రొటెస్టెంటు సంఘంలో పెద్ద. సంఘపెద్ద అయినవాడి ఇంట్లో అందరిదీ ఒకే సంఘమై ఉండాలని పట్టుబట్టి తీర్మానం రాయించిందే ఆయన. కోడలు వేరే గుడి మనిషని తేలితే ఆయన పెద్దరికం ఊడుతుంది.

ఇంటికి పోగానే తబితను అడిగాడు. "శుక్రవారమే ఎందుకు తెస్తవ్ బిడ్డా, చేపలు?"

తబిత ఒకసారి అత్త వైపు చూసింది. "జైరాం ఆ ఒక్క దినమే వస్తడు మామా."

సోమవారం రోడ్డు మీద చేపల జైరాం బండి ఎదురైతే ఆదాము చెయ్యి అడ్డం పెట్టాడు.

"మంగళవారం గూడ వస్త గదా. మీ ఇంటి ముంగట ఎంతసేపు హారన్ కొట్టినా పలికేటోళ్లు లేరు," అన్నాడు జైరాం.

కోడలు అబద్ధమాడింది. వియ్యంకుడిని సెల్‌ఫోన్‌లో నిలదీద్దామనుకున్నాడు. కానీ ఊళ్లో సిగ్నల్ దొరికేది చెరువుకట్ట మీద ఒక్కచోటే, అక్కడ ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. పరువు పోతుందని ఊరుకొని, భార్య విశ్రాంతమ్మను పెరట్లోకి పిలిచాడు.

"పిల్ల ఆర్‌సీఎం. దాచిపెట్టి పెండ్లి చేసిన్రు."

"నాలుగు వారాలు గిన్నె నాకి, ఇప్పుడు గుడి అడుగుతున్నవా?"

"నవ్వులాట కాదు. ఆదివారం సంఘంల చెప్పేస్త. పిల్ల పుట్టింటికి పోవాలె."

"జోయెల్ ఊకుంటడా?"

"వాడు గూడ పోతే పోనీ. దేవుని సంగతి దాచి నా ఇంట్ల కాపురం చేస్తే, ఎవరైనా సరే, గడప దాటాల్సిందే."

విశ్రాంతమ్మ చేటలో బియ్యం చాలాసేపు చెరిగింది.

"పిల్లను ఉత్తగనే ఎల్లగొట్టకు. ముందు కండ్లతోని చూడు," అంది చివరికి.

శుక్రవారం పొద్దున ఆదాము కిలో మేకమాంసం తెచ్చి తబిత చేతికిచ్చాడు. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. దాచుకోవడం బాగా తెలిసిన పిల్ల అనుకున్నాడు. వండటం ఎవరైనా వండుతారు. తినేటప్పుడు కదా బయటపడేది.

చిక్కల్లా అక్కడే ఉంది. ఆ ఇంట్లో మగవాళ్లు తిని చేయి కడుక్కున్నాకే ఆడవాళ్లు వంటింట్లో కూర్చుంటారు. వాళ్లు ఏం తింటారో ఆదాము ముప్పై రెండేళ్లలో ఎన్నడూ చూడలేదు.

"ఇయ్యాల అందరం ఒక్కకాడనే తిందాం," అన్నాడు.

జోయెల్ డ్యూటీకి పోయాడు. మూడు కంచాలు పెట్టారు. తబిత ముందు తన కంచంలోకి, తర్వాత మామ కంచంలోకి చూసి, కూర వేసుకుంది. ఆదాము ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు.

తబిత మూలుగ బొక్కను ఏరి తీసి, చప్పుడయ్యేలా జుర్రింది.

"చాన దినాలైంది మామా, గిట్ల తిని," అంది.

ఆదాము తేలిగ్గా ఊపిరి వదిలాడు. ఆదివారం సంఘంలో తలవంచుకునే పని లేదు. పిల్లను పంపే పని లేదు. వచ్చే వారం బొచ్చె చేపకు కూడా అడ్డు లేదు. సంతోషం పట్టలేక, పెండ్లయిన తర్వాత మొదటిసారి, తానే గరిటెతో కూర తీసి భార్య కంచం మీదికి వంచబోయాడు.

విశ్రాంతమ్మ కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దయ్యా, ఇయ్యాల శుక్రవారం."