గొడ్డలి ఎవరి చేతికి

"గెనోవెఫా వదినా, నువ్వే నరకాలి" అంటూ పక్కింటి బ్రోనెక్ గొడ్డలి తెచ్చి నా గుమ్మంలో పెట్టాడు.

నరకాల్సింది ఎల్డర్‌బెర్రీ చెట్టుని. దాన్ని నరికినవాడు ఏడాది తిరక్కుండా పోతాడని బుగ్ ఏటి ఒడ్డున మా ఊళ్ళన్నిటికీ భయం. విధవరాలికి మాత్రం ఏమీ కాదట. ఆవిడకి పోవాల్సింది ముందే పోయిందట.

"కారు షెడ్డుకి అడ్డమొస్తోంది. అరగంట పని" అన్నాడు దగ్గుతూ.

ఆ చెట్టు నాది. చలికాలం దగ్గులకి దాని పళ్ళు ఉడికించి పాకం పట్టేదాన్ని. కిందటేడు వీడు కంచె జరిపి చెట్టుని తనవైపు కలిపేసుకున్నాడు. మా ఆయన దగ్గుతో మంచాన పడితే గుప్పెడు పళ్ళు అడిగాను. "పిట్టలకైనా వదిలేస్తాను గానీ నీకివ్వను" అని కుక్కని ఉసిగొల్పాడు. మంచు కరగకముందే ఆయన పోయాడు.

గొడ్డలి తీసి పదును చూశాను. తిరిగి అతని చేతిలోనే పెట్టాను.

"నేనెందుకు? మీ ఆవిడ నరుకుతుందిలే."

"మతి పోయిందా వదినా? దాని మొగుడు నిక్షేపంలా ఉన్నాడుగా!" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. గుమ్మం పట్టుకుని వంగిపోయాడు.

ఆ దగ్గు నాకు తెలుసు. కిందటేడు ఇదే రోజుల్లో మా ఆయనకీ ఇలాగే మొదలైంది.

ఆయన పోయాక మా చెల్లెలు పంపిన పాకం సీసా నా వెనక అలమరలో ఉంది. దానికి అడ్డంగా నిలబడ్డాను.

"తొందరేముంది బ్రోనెక్" అన్నాను. "మంచు కరగనీ."