వల తాడుతో కట్టిన బ్యాటరీ

గోపి ముడి బిగించి చేతులు దులుపుకున్నాడు.

"అయిపోనాది బావా. ఇంక కదల్దు."

సాయిశంకర్ వంగి చూశాడు.

పాత బ్యాటరీ ఇరవై కిలోలుండేది. ఈ లిథియం బ్యాటరీ ఐదు కిలోలు కూడా లేదు. బరువు తగ్గితే కారు వేగం పెరుగుతుందని ఆ ఉదయమే తెచ్చి పెట్టారు. కానీ పాతదాని చోటు దీనితో సగం కూడా నిండలేదు. దీనికి సరిపడే ఇనప పట్టీ దొరకలేదు.

అందుకని గోపి దాన్ని కారు వెనకభాగంలో ఇంజిన్ పక్కనే, పెట్రోలు గొట్టానికి ఆనించి, నైలాను వల తాడుతో కట్టేశాడు.

"వేడికి ఆగుతాదంటావా?"

"పడవ మీద ఇంజినే ఈ తాడుతో కడతాం. తుఫానుకే ఊడనేదు. ఇదేటి బావా, కొబ్బరికాయంత నేదు!"

ఇద్దరూ జాలరిపేటలో పుట్టినవాళ్లే. తాడు మీద నమ్మకంతో సాయిశంకర్ మూత దించేశాడు.

రుషికొండ అవతల, రోడ్లు వేసి ఇళ్లు కట్టకుండా వదిలేసిన లేఅవుట్‌లో ఆ రోజు ఆఖరి పోటీ. కోయంబత్తూరు నుంచి వచ్చిన రేసు జట్టు ఒక్క డ్రైవర్నే తీసుకుంటుంది. మిగిలింది ఇద్దరు. సాయిశంకర్, ఎర్రకారు నడిపే ఇంకొకరెవరో. చెరొక్క పరుగు. మైకులో పిలిచినప్పుడు గీత దగ్గర లేకపోతే అవకాశం పోయినట్టే.

గెలిస్తే రేసు డ్రైవరు. లేదంటే మళ్లీ పోర్టులో క్రేను ఎక్కడమే.

"ఎర్రకారోడిని సూసావా?" అన్నాడు సాయిశంకర్.

"ఎక్కడ? నిన్న ఆడిది పొద్దున్న వంతు, మనది సాయంత్రం. హెల్మెట్టయినా తియ్యడంట. ఎంత పొగరో!"

మైకు గరగరలాడింది. సాయిశంకర్ పేరు పిలిచారు.

కారు గీత దగ్గరికి వచ్చి ఆగింది. సాయిశంకర్ బెల్టులు బిగించుకుని ఇంజిన్ రొద పెంచాడు. జెండా మనిషి చెయ్యి పైకెత్తాడు.

అప్పుడే ఎవరో కారు నెత్తిన దబదబా బాదారు.

ఒకావిడ. ముప్పై ఏళ్లుంటాయి. మాసిన పొడుగు చేతుల చొక్కా. నీళ్ల టిన్నులు మోసే మనిషి కాబోలనుకున్నాడు.

"బండాపు బాబూ! ఎనకాల పొగొత్తంది!"

అద్దంలో చూశాడు. ఏమీ కనిపించలేదు.

"తప్పుకోమ్మా! జెండా ఊపేత్తన్నారు!"

"ఆపమంటన్నాను కదా!"

"ఎవులు నువ్వు? ఎర్రకారోడు పంపాడా?"

ఆమె కిటికీలోంచి చెయ్యి దూర్చి తాళం తిప్పేసింది.

ఇంజిన్ ఆగిపోయింది. పరుగు మొదలన్నట్టు జెండా కిందికి దిగింది.

సాయిశంకర్ ఆమె చెయ్యి విదిలించి కొట్టాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. అతని బెల్టులు ఊడదీసి, చొక్కా పట్టుకుని బయటికి లాగింది.

కొట్టడానికి చెయ్యెత్తినవాడు అలాగే నిలబడిపోయాడు.

కారు వెనక మూత సందుల్లోంచి తెల్లటి పొగ చిమ్ముతోంది.

గోపి పరుగున వచ్చి మూత ఎత్తాడు. వేడికి తాడు కరిగి బ్యాటరీ పక్కకి ఒరిగింది. తీగ బిగించే దాని కొమ్ము ఇనుముకి తగిలి చిటపటమని నిప్పురవ్వలు రాలుతున్నాయి. పక్కనే పెట్రోలు గొట్టం.

"బావా, పేలిపోద్ది! పరిగెట్టు!"

మంటలార్పే బండి రోడ్డు ఆ చివరెక్కడో ఉంది.

మైకు మోగింది. "మొదటి కారు పరుగు రద్దు. ఎర్రకారు గీత దగ్గరికి రావాలి."

ఆమె ఒక్క క్షణం తలెత్తి మైకున్న టెంటు వైపు చూసింది. తర్వాత చొక్కా చేతుల్ని అరచేతుల మీదికి లాక్కుని లోపలికి వంగింది.

"ఎర్రకారు, రెండో పిలుపు."

తీగలు పట్టుకుని పీకింది. ఒకటి ఊడింది. రెండోది రాలేదు.

"నీళ్లట్రా! సూత్తన్నావేటి?" అని గోపి మీద అరిచింది.

గోపి నీళ్ల టిన్ను ఎత్తి కుమ్మరించాడు. ఆమె రెండో తీగ కూడా లాగేసింది. ఉబ్బిపోయిన బ్యాటరీని రెండు చేతులతో ఎత్తి, పరుగెత్తి, దూరంగా మట్టిలోకి విసిరేసింది.

అది అక్కడ భగ్గుమంది.

"ఎర్రకారు, ఆఖరి పిలుపు."

ఆమె మోకాళ్ల మీద చతికిలబడి రొప్పుతోంది. లేవబోయి, అరచేతులు నేలకి ఆనించలేక మళ్లీ కూలబడింది.

మైకు ఆగిపోయింది.

సాయిశంకర్‌కి కోపం వచ్చింది. కారు మిగిలింది. పరుగు పోయింది.

"తాళం తిప్పకపోతే గీత దాటేసేవోడిని! ఎర్రకారోడికి ఇప్పుడు సల్లగుంటాది. ఎల్లు, ఎల్లి ఆడికి సెప్పు!"

ఆమె అతన్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"నీకేటీ కానేదు కదా బాబూ?"

అంతే. మెల్లగా లేచి, చేతులు ఒంటికి తగలకుండా పట్టుకుని, టెంటు వెనక్కి నడిచి వెళ్లిపోయింది.

కాసేపటికి మైకులో చెప్పారు. "ఎర్రకారు మూడు పిలుపులకీ రాలేదు. ఇద్దరిలో ఒక్కరూ పరుగు పూర్తి చెయ్యలేదు. ఈసారి ఎవరినీ తీసుకోవడం లేదు."

సాయిశంకర్ తెల్లబోయాడు.

"ఒట్టినే గీత దాటినా సీటు ఆడిదే కదరా! ఏటయిపోనాడు?"

"రా బావా, ఆడి మొకం సూసొద్దాం."

ఇద్దరూ టెంటు వెనక్కి వెళ్లారు.

అక్కడ ఎర్రకారు తలుపు బార్లా తెరిచి ఉంది. డ్రైవరు సీట్లో, ఒళ్లో హెల్మెట్టు పెట్టుకుని, ఆమె కాలిన అరచేతుల్ని ఊదుకుంటోంది.