ప్రవల్లిక మోకాళ్లు

పోలియో చుక్కల్లా ఇంటింటికీ వచ్చి కొలాజెన్ సూదులు వేయడం మొదలయ్యాక, ముడతలు ఎండుమిరపకాయల మీద తప్ప ఎక్కడా కనబడలేదు. చిక్కంతా బస్సుల్లో వచ్చింది. ముఖం చూస్తే ఎవరు ముసలో తెలియదు కదా! అందుకని వృద్ధుల సీటు అడిగినవాళ్లను కండక్టరు గొంతుక్కూర్చుని లేవమంటాడు. "అబ్బా" అన్నవాళ్లదే సీటు.

మా ఆవిడ ప్రవల్లికకు డెబ్బై ఎనిమిది. ఆ రోజు నాతో బస్సెక్కి, అమలాపురం దాకా నిలబడలేనంటూ సీటడిగింది. ఉన్నది ఒక్కటే.

"ఓసారి కూర్చుని లేవండమ్మా," అన్నాడు కండక్టరు.

ఆమె కూర్చోగానే వెనక నుంచి ఎవరో, "కాలేజీ పిల్లలా ఉంది, ఈవిడకెందుకండీ సీటు?" అన్నారు.

ఇంకేముంది! మా ఆవిడ పళ్లు బిగబట్టి, కిక్కురుమనకుండా లేచింది. మోకాళ్లు మాత్రం సీమటపాకాయల్లా పేలాయి. బస్సంతా తిరిగి చూసింది.

"ఆ చప్పుడేంటండీ?"

"మా ఆయన మోకాళ్లండీ," అంది తడుముకోకుండా.

"ఆయ్, అయితే సీటు ఆయనదేనండి!"

కూర్చున్నాను. రావులపాలెం దగ్గర ఆమె అవస్థ చూసి జాలేసింది. లేద్దామనుకున్నాను. కానీ నా మోకాళ్లు చప్పుడు చేయకపోతే ఆవిడ గుట్టు బయటపడదూ? పెళ్లాం పరువు కోసం అమలాపురం దాకా అలాగే కూర్చున్నాను.