నిలదీత

“ఈవిడగారిని ఎవరు పిలిచారర్రా?” అంది అక్షయ, హాలు మొత్తానికీ వినపడేలా.

జగ్గయ్యపేటలో ఆ ఆదివారం పదో తరగతి బ్యాచ్ అంతా ఫంక్షన్ హాల్లో చేరింది. పాతికేళ్ళ తర్వాత కలిసినవాళ్ళు ఒకళ్ళ పొట్టలూ ఇంకొకళ్ళ బట్టతలలూ చూసుకుని నవ్వుకుంటున్నారు. కామేశం మాస్టారు సరదాకి పాత రిజిస్టరు తెచ్చి హాజరు పిలిచారు. ఉషశ్రీ పేరు రాగానే ఆమె లేచి “ప్రెజెంట్ సార్” అంది. అంతే, నవ్వులు ఆగిపోయాయి. అక్షయ ఆ మాటన్నది అప్పుడే.

“గ్రూపులో అందరినీ రమ్మన్నారుగా. వచ్చా,” అంది ఉషశ్రీ.

నిజానికి ఆమె అందరి కోసం రాలేదు, ఒక్క అక్షయ కోసం వచ్చింది. ఆరు నుంచి పది దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇద్దరికీ మొగుడు కూడా ఒక్కడే కావడం వాళ్ళ ఖర్మ. క్లాసులో ఎప్పుడూ ఫస్టొచ్చే జయదేవ్ మొదట ఉషశ్రీని చేసుకున్నాడు. ఏడేళ్ళకి ఆమె కూతుర్ని చంకనేసుకుని నందిగామ వెళ్ళిపోయింది. విడాకులయ్యాక అతను అక్షయని చేసుకున్నాడు. ఈ ఎనిమిదేళ్ళూ స్నేహితురాళ్ళ మధ్య మాటల్లేవు. ఒక్కసారి ఎదురుపడితే పాత స్నేహం బతక్కపోతుందా అని ఆశపడింది పిచ్చిది.

ఊళ్ళో జయదేవ్‌కి మంచి పేరు. పెద్ద హార్డ్‌వేర్ షాపు, ఇవాళ్టి భోజనాలు కూడా అతనివే. అలాంటి మనిషి తలుపేసుకుని పెళ్ళాన్ని కొడతాడంటే నమ్మేదెవరు? అందుకే ఉషశ్రీ ఎవరికీ చెప్పుకోలేదు. పొగరెక్కి కాపురం కాలదన్నుకుందని ఊరే తీర్పిచ్చేసింది.

అక్షయ మాత్రం పట్టుచీరలో, మెడనిండా నగలతో, మొగుడి పక్కన దర్జాగా ఉంది. ఆమెకి వేరే ఫోనే లేదు. గ్రూపులో ఆమె మెసేజీలు కూడా జయదేవే పెడతాడు. ఎంత అన్యోన్యమో అని ఆడవాళ్ళంతా మురిసిపోయారు. ఉషశ్రీకి ఒళ్ళు మండిపోయింది. అతను మారాడేమో, లేకపోతే లోపం తనలోనే ఉందేమో అని కూడా అనిపించింది.

“వచ్చావు సరే,” అంటూ అక్షయ ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. “మొగుడు ఇంట్లో ఉండగానే గడప దాటావటగా. అంత తెగింపేంటే నీకు?”

“ఇంట్లో ఉంటే దాటనిచ్చేవాడా? ప్రతి సోమవారం విజయవాడకి సరుక్కి వెళ్తాడుగా, అప్పుడొచ్చేశా.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“అక్షయా, ఊరుకోమ్మా,” అన్నారు మాస్టారు.

జయదేవ్ కాలు మీద కాలేసుకుని నవ్వాడు. “అడగనివ్వండి మాస్టారూ. మగాణ్ణి, నేను అడగలేనివి తను అడుగుతోంది.”

“బస్టాండులో అందరూ మా ఆయనకి తెలిసినోళ్ళే,” అక్షయ రెచ్చిపోయింది. “ఒక్కళ్ళూ ఆపలేదంటే ఎవడో కారు పంపుంటాడు!”

“ఎవడూ పంపలా! బస్టాండుకెళ్తే కదా ఆపేది? షేరాటోలో చిల్లకల్లు పోయి, హైవే మీద నందిగామ బస్సెక్కా.”

“పుట్టింటోళ్ళే తలుపు తియ్యలేదంట. మరి ఎవడి పంచన చేరావు?”

“నందిగామలో గ్రేసీ టీచరని ఒకావిడకి ఆడవాళ్ళ హాస్టలుంది, మార్కెట్ యార్డు వెనక. నాలాంటోళ్ళు వస్తే ఆవిడ ఏమీ అడక్కుండా గది ఇచ్చేది. ఇప్పుడా హాస్టలు నేనే చూసుకుంటున్నా. చాలా?”

“చాల్లేదు. తండ్రి సంతకం లేకుండా నీ పిల్లని ఏ బళ్ళో చేర్చుకున్నారో అదీ చెప్పు. దొంగ సంతకం పెట్టావా?”

“తల్లి సంతకం చాలన్నారు. ఏం పాపం చేశానని అక్షయా, నన్నిట్లా...” ఉషశ్రీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“నా ముందు ఏడవకు,” అని అక్షయ గిర్రున వెనక్కి తిరిగింది. జయదేవ్ ఆమె భుజం తట్టాడు, పిల్లకి మార్కులొచ్చినంత సంతోషంగా.

ఉషశ్రీ అన్నం ముట్టకుండా బయల్దేరింది. మాస్టారు గేటు దాకా వచ్చి “తిని వెళ్ళమ్మా” అన్నారు.

“కడుపు నిండింది మాస్టారూ,” అంది.

బస్సులో కూర్చోగానే గ్రూపులోంచి బయటికొచ్చేసింది. అడిగిందానికల్లా బుద్ధిలేకుండా జవాబు చెప్పి నలుగురిలో నగుబాటైనందుకు దారంతా తనని తానే తిట్టుకుంది. అక్షయ అనే మనిషి ఇక తనకి లేదనుకుంది. అలా అనుకున్నాక ఏడుపు ఇంకా ఎక్కువైంది.

మర్నాడు పదింటికి హాస్టలు గేటు చప్పుడైంది. వెళ్ళి చూస్తే అక్షయ! ఉషశ్రీ గేటు గడియ తియ్యలేదు.

“ఊరంతా వినేట్టు కడిగేశావుగా. ఇంకా ఏం మిగిలిందని ఇక్కడిదాకా వచ్చావు?”

అక్షయ ఒంటిమీద నగలేవీ లేవు, ఇంట్లో కట్టుకునే నేతచీర, చేతిలో చిన్న సంచీ. ఒకసారి వెనక్కి తిరిగి సందు చివరిదాకా చూసింది.

“ఏంటా చూపులు? ఆయన కూడా వచ్చాడా తమాషా చూడ్డానికి?”

అక్షయ అడ్డంగా తలూపి, కొంగు చాటున నక్కిన ఐదేళ్ళ కూతుర్ని ముందుకు తెచ్చి నిలబెట్టింది.

“నువ్వు చెప్పిన దారినే వచ్చానే, ఉషా.”