బెల్లంలో మాత్ర

రిబ్కమ్మ మళ్ళీ మాత్ర ఉమ్మేసింది.

అది వెళ్ళి కోడలు రోజ చీర మీద పడింది.

"ఎవతివే నువ్వు? నాకేందో పెట్టి చంపుదామని చూస్తున్నవ్," అంటూ ముసలమ్మ మంచం మూలకు జరిగింది.

రోజ చీర తుడుచుకుంది. అత్త తనను మరిచిపోయి చాలా కాలమైంది.

కన్నకొడుకు పీటర్‌కూ అదే గతి. పొద్దున్నే చాయ్ తెచ్చి ఎదురుగా కూర్చుంటే, "ఏ ఊరు బిడ్డా మీది?" అని మర్యాదగా అడిగేది.

ట్రాక్టరు బోల్తాపడి తండ్రి పోయేనాటికి పీటర్ తొట్టెలో ఉన్నాడు. అప్పటినుంచి తల్లే అతనికి సర్వం. ఆమె నోట తన పేరు ఒక్కసారి వినాలి. అంతకన్నా అతనికి వేరే కోరిక లేదు.

నారాయణఖేడ్ దవాఖానలో డాక్టర్ అరుణజ్యోతి ఓపికగా చెప్పింది.

"మెదడుల కబుర్లు మోసే రసాయనం ఒకటుంటది. దాన్ని తుడిచేసే ఎంజైము ఇంకొకటుంటది. మీ అమ్మకు మోసేది తగ్గింది, తుడిచేది మాత్రం ఆగుతలేదు. గీ గోలి ఆ తుడిచేదాని చెయ్యి పట్టుకుంటది. రోగం పోదు గానీ, కొన్నాళ్ళు మిమ్మల్ని గుర్తుపట్టొచ్చు. రోజూ వెయ్యాలె."

వెయ్యడం దగ్గరే వచ్చింది చిక్కంతా. అన్నంలో దాచి పెట్టినా ముసలమ్మ ఏరి అవతల పారేసేది. పీటర్ బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి పని రోజకు అప్పజెప్పి ఎరువుల దుకాణానికి వెళ్ళిపోయేవాడు.

ఒక అంగడి రోజున ఎవరో పెద్దాయన వాకిట్లో నిలబడి మంచినీళ్ళు అడిగాడు. తలకు రుమాలు, భుజాన సంచి. మాటలో కన్నడం కలిసిన యాస.

అతన్ని చూసి రిబ్కమ్మ నవ్వింది.

ఆ ఇంట్లో ఈ మధ్య ఎవరికీ దక్కని నవ్వు అది. రోజకు కొంచెం కడుపుమంట కూడా కలిగింది.

పెద్దాయన అరుగు మీద కూర్చుని, సంచిలోంచి బెల్లం ముక్క తీశాడు. రిబ్కమ్మ పసిపిల్లలా నోరు తెరిచింది. అది చూడగానే రోజకు ఆలోచన తట్టింది. లోపలికి వెళ్ళి మాత్ర తెచ్చింది.

"కాకా, గీ గోలి గా బెల్లంల పెట్టి వెయ్యవా? మా చేతులకెంచి మింగుతలేదు."

దేనికని అడిగాడు. డాక్టరమ్మ చెప్పినదంతా రోజ చెప్పింది.

పెద్దాయన బెల్లం ముక్కను వేళ్ళ మధ్య అటూఇటూ తిప్పాడు.

"పాత ముచ్చట్లు గూడ యాదికొస్తయా బిడ్డా?"

"రావచ్చన్నది."

అతను రిబ్కమ్మ వైపు ఒకసారి చూసి, చెయ్యి చాపాడు. "ఇయ్యి."

రిబ్కమ్మ గుటుక్కున మింగింది.

ఆ రోజు నుంచి అతను రోజూ వచ్చాడు. కర్ణాటక సరిహద్దున ఉన్న కంగ్టి దిక్కు నుంచి పొద్దున్నే ఆటో ఎక్కి వస్తాననేవాడు. పేరు అడిగితే నవ్వి ఊరుకునేవాడు. గోడకు పీటర్ తండ్రి ఫోటో ఉంటే, ఎప్పుడూ దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. బెల్లం తినిపించి, ముసలమ్మతో కాసేపు కన్నడంలో ముచ్చటాడి వెళ్ళిపోయేవాడు.

మాత్ర సంగతి రోజ భర్తకు చెప్పలేదు. ముక్కూమొహం తెలియనివాడి చేత మందు ఇప్పిస్తున్నావా అని ఇల్లు పీకి పందిరేస్తాడని ఆమె భయం. పీటర్‌కు తెలిసిందల్లా, చాయ్‌కి మరిగిన ముసలాయన ఒకడు వస్తున్నాడని.

ఒక ఆదివారం పొద్దున రిబ్కమ్మ ఎదురుగా ఉన్న మనిషిని తేరిపార చూసింది.

"పీటరూ, చాయ్ చల్లగైతుంది. తాగు."

పీటర్ తాగలేదు. గ్లాసు కింద పెట్టి, తల్లి ఒడిలో తల దాచుకుని ఏడ్చాడు. రోజనూ పేరుతో పిలిచేసరికి ఆమె కూడా కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడే పెద్దాయన వాకిట్లోకి వచ్చాడు.

రిబ్కమ్మ తలెత్తి చూసింది. ఈసారి నవ్వలేదు. కొంగు ముఖం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది.

పీటర్ లేచి అడ్డం వెళ్ళాడు. "అమ్మకు ఇప్పుడు మనుషులు ఎరుకైతున్నరు. నిన్ను చూసి బుగులు పడుతుంది. ఇగ రాకు పెద్దమనిషీ."

అతను తలూపాడు. బెల్లం పొట్లం రోజ చేతిలో పెట్టాడు.

"ఇగ నీ చేతికెంచే మింగుతది బిడ్డా. ఒక్క దినం గూడ తప్పియ్యకు."

అతను కనుమరుగయ్యాక పీటర్ ఆ మాటకు అర్థం అడిగాడు. రోజ అంతా చెప్పేసింది, మొదటి రోజు అతను అడిగిన ప్రశ్నతో సహా.

పీటర్ చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. కంగ్టి ఆటో వెళ్ళిపోయింది. సిగ్గుతో తిరిగొచ్చాడు. పాత ముచ్చట్లతో ఆ మనిషికి ఏం పనో భార్యాభర్తలకు అర్థం కాలేదు.

రోజ బెల్లంలో మాత్ర పెట్టి అందించింది. అత్త మారుమాట లేకుండా మింగింది. మిగిలిన ముక్కను గుప్పిట్లో పట్టుకుని, భర్త ఫోటో వైపు చూస్తూ కూర్చుంది.

"ఎవరమ్మా ఆయన?" అన్నాడు పీటర్.

"నా తమ్ముడు కాలేబు. నీ నాయిన సచ్చిననాడు ట్రాక్టరు నడిపినోడు," అంది రిబ్కమ్మ. "నాకు మతి ఉన్నన్ని దినాలు నా గడప తొక్కొద్దని చర్చిల అందరి ముంగట ఒట్టు పెట్టిన... గా ఒట్టు వాడు తప్పలే."