ఒట్టికాళ్ల పాప

"ఏందప్పా, ఈడేం చేస్తాండావ్?"

షిఫా అరుపుకు, పొద దగ్గర వంగి ఉన్న మనిషి లేచి నిలబడ్డాడు.

అరవై ఏళ్లుంటాయి. మాసిన పంచె, చేతిలో మచ్చుకత్తి. ఆమె పాదాలకేసి తేరిపార చూసి, తల దించుకుని చెట్లలోకి వెళ్లిపోయాడు.

మూడు రోజుల్లో ఇది రెండోసారి. తెల్లవారుతూనే అడవి బాటలో ఒంటరిగా పరిగెత్తే ఆడపిల్లకు ఇలాంటివాడు ఎదురైతే గుండె ఝల్లుమనదా?

షిఫా అహోబిలంలో చెప్పుల అంగడి అల్లాబక్ష్ కూతురు. నాన్న ఊరందరికీ చెప్పులమ్ముతాడు, కూతురేమో ఒట్టికాళ్లతో పరిగెడుతుంది. బూట్లు తొడిగితే కాళ్లు కట్టేసినట్టుంటుందట. అడవిలో పారే వంక దాకా నాలుగు కిలోమీటర్లు, తిరిగి నాలుగు. మంచుకు తడిసిన ఎర్రమట్టి అరికాళ్లకు చల్లగా తగులుతుంటే, ఎక్కడో నెమలి అరుస్తుంటే, ఆ గంటసేపు ఆమెకు ఇల్లూ వాకిలీ గుర్తుకురావు.

రెండేళ్ల కిందట, కొత్తలో ఒకసారి ముల్లు దిగి నెత్తురు కారింది. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటి గుచ్చుకోలేదు.

"అది స్వామి నడిచిన బాట. ముళ్లు కూడా పక్కకు జరుగుతాయి," అంటుంది స్నేహితురాలు శ్రీవిద్య, అర్చకుల ఇంటి పిల్ల.

"నా కాళ్లు గట్టివిలే," అంటుంది షిఫా.

రెండు వారాల్లో అదే బాటలో పరుగుపందెం. నంద్యాల నుంచీ బెంగళూరు నుంచీ వస్తున్నారు. ఆడవాళ్లలో మొదట వచ్చినామెను ఊటీ కొండల పందేనికి పంపుతారు.

"గెలిస్తే ఊటీకి పో. లేదంటే ఈ ఉరుకులు చాలించి, నంద్యాల బట్టలంగట్లో పనికి చేరు," అంది తల్లి లాల్‌బీ. అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదామె.

షిఫా పందెం ఏర్పాట్లు చూస్తున్న ప్రభాకర్ దగ్గరికి వెళ్లింది.

"అన్నా, దావలో ఒకాయన మచ్చుకత్తి పట్టుకుని తిరుగుతాండాడు. నా కాళ్లకెల్లే చూస్తాడు. భయమేస్తాంది."

సాయంత్రమే ప్రభాకర్ అతన్ని పట్టుకున్నాడు. షిఫా దూరంగా నిలబడి చూసింది.

"ఆడపిల్ల పోయే తావులో నీకేం పనప్పా?"

"అది కాదు నాయనా, ఆ పాప..."

"ఏం చెప్పొద్దు. ఇంక ఆ దావలో కనపడినావంటే పోలీసులకు పట్టిస్తా."

అతను మళ్లీ కనపడలేదు. షిఫా ప్రాణం కుదుటపడింది. బాట ఎప్పటిలాగే నున్నగా ఉంది.

పందెం నాలుగు రోజులుందనగా ఆమె కాళ్లకు విశ్రాంతినిచ్చింది. ఆ రోజుల్లోనే పెద్ద గాలివాన వచ్చి వెలిసింది.

పందెంలో మూడో కిలోమీటరు దాకా షిఫాయే ముందుంది. వెనక అడుగుల చప్పుడు కూడా లేదు.

మలుపు తిరగ్గానే అరికాల్లో ముల్లు దిగింది. పీకి, పది అడుగులు వేసింది. ఇంకొకటి. బాట పొడుగునా కంపలే.

ఒక్కొక్కరే ఆమెను దాటి వెళ్లిపోయారు. కుంటుతూ అందరికన్నా చివర వచ్చింది. ఊటీ పోయింది.

నర్సు ఉమామహేశ్వరమ్మ నాలుగు ముళ్లు తీసి కట్టు కట్టింది.

"ఓబులేసు ఉంటే నీకీ తిప్పలు ఉండేవి కాదు పాపా."

"ఓబులేసు ఎవరక్కా?"

"మచ్చుకత్తి పట్టుకుని తిరుగుతాండె కదా, ఆ పెద్దాయన. దావలో కనపడొద్దని ఎవరో బెదిరించినారంట. దాంతో చీకట్లో పోబట్టె. మొన్న బుధవారం వంకలో జారిపడి చనిపోయినాడు."



ఆ సాయంత్రం కుంటుకుంటూనే ఊరి బయటి కొట్టాలకు వెళ్లింది. గడపలో ఓబులేసు భార్య చెన్నమ్మ కూర్చుని ఉంది. గోడకు చీపురూ మచ్చుకత్తీ ఆనించి ఉన్నాయి.

చెన్నమ్మ ఆమె కాళ్లు చూసింది.

"ఒట్టికాళ్ల పాపవు నువ్వేనా? గెలిచినావా? నువ్వే గెలుస్తావని అంటాండె ఆయన."

షిఫా ఏడ్చేసింది.

"ఏడవద్దు తల్లీ. రెండేండ్ల కిందట దావలో నెత్తుటి అడుగులు చూసినాడు. చెప్పులు కొనే గతి లేని పిల్ల ఎవరో పాపం, అన్యాడు. ఆ పొద్దు నుంచీ నీకన్నా ముందే పోయి ముండ్లు ఏరి వస్తాండె."

చెన్నమ్మ లోపలికి వెళ్లి ఒక సంచి తెచ్చింది.

"పందెం నాటికి ఇద్దామని కొన్యాడు. కొలత తెలీక, నీ కాళ్లు చూసొస్తానని రెండుసార్లు నిలబడినాడంట."

సంచి మీద ఉన్నది నాన్న అంగడి పేరే. లోపలి చెప్పుల్లో ఒకదాంట్లో కట్టు లేని కాలు పెట్టింది షిఫా, సరిగ్గా సరిపోయింది.